ఆమెది ఏ దేశమని అడిగారు

ఎనభైల మొదట్లో పెద్దపల్లి దగ్గర ఒక పెంకుల ఫ్యాక్టరీలో మట్టి పిసికే యంత్రంలో పడి ఒక ఆడమనిషి కుడిచెయ్యి నలిగిపోయింది. తూర్పు బెంగాల్ నుంచి భర్తతో సరిహద్దు దాటి, పని దొరికిన చోటల్లా ఆగుతూ మా ప్రాంతానికి చేరిన మనిషి. వాళ్ళ దగ్గర ఏ కాగితమూ లేదు. కార్మికుల బీమా దవాఖానలో కట్టు కట్టి, బీమా కార్డు లేదు కాబట్టి ఆపరేషన్ కుదరదన్నారు. ఫ్యాక్టరీ యజమాని అయితే ఆమె తన కూలీయే కాదన్నాడు.

ఆమెను నా దగ్గరికి తీసుకొచ్చింది అదే ఫ్యాక్టరీలో పెంకులు ఆరబెట్టే మా ప్రాంతపు ఆడమనిషి. కరీంనగర్‌లో అప్పుడే నల్లకోటు వేసుకున్నదాన్ని నేను. కూర్చోమన్నా కూర్చోకుండా ఆమె నా మీదే గొంతు పెంచింది.

"లాయరమ్మా, పొద్దుందాక గీమె మాతోటే మట్టి మోసింది. చెయ్యి నలిగినంక గీమె ఎవలో తెల్వదంటున్రు. గిదేం న్యాయం?"

మా సీనియర్ మంచివాడే, కానీ జాగ్రత్తపరుడు. "కేసు వేస్తవు సరే. ఏ దేశమని అడుగుతరు, పోలీసులొస్తరు. వైద్యం సంగతి పక్కనపెట్టు, మనుషులనే పంపేస్తరు. జర ఆలోచించు బిడ్డా" అన్నాడు.

ఆ భయం ఉత్తది కాదు. అందుకే దాచకుండా అంతా ఆ బెంగాలీ ఆమెకే చెప్పాను. భర్త వద్దంటూ తల ఊపాడు. ఆమె అతని వైపు చూడనే లేదు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, పనిలో నేర్చుకున్న తెలుగులో అంది: "చెయ్యి పోయింది ఫ్యాక్టరీల. బార్డర్ల కాదు. కేసు వెయ్యి."

వేశాను. బీమా చట్టం మొదటినుంచి చివరిదాకా చదివాను. కూలికి పనిచేసే మనిషి అని ఉంది. ఈ దేశపు పౌరుడై ఉండాలని ఎక్కడా లేదు.

యజమాని తరపు వకీలు లేచీ లేవగానే, "నీది ఏ దేశం?" అని అడిగాడు. నేను అడ్డుపడ్డాను. ఆమె దేశం గురించి ఇక్కడ కేసు లేదనీ, ఆ ఫ్యాక్టరీలో పనిచేసిందా లేదా అన్నదే తేల్చాలనీ గట్టిగా చెప్పాను. జడ్జిగారు ఆ ప్రశ్న కొట్టేశారు.

తర్వాత సాక్ష్యానికి పెంకులు ఆరబెట్టే ఆమె వచ్చింది. వకీలు బెదిరింపుగా, "యజమానికి ఎదురు చెప్తే పని పోతదని తెల్వదా?" అన్నాడు.

"ఎరుకే. నిన్ననే తీసేసిండ్రు. ఇగ నాకేం ఫికర్?"

కోర్టులో నవ్వులు లేచాయి. జడ్జిగారు నవ్వలేదు. తీసేసిన సంగతి రాసుకోమని గుమస్తాకు చెప్పారు.

ఆ బెంగాలీ ఆమె ఆ ఫ్యాక్టరీ కార్మికురాలేననీ, వైద్యం వెంటనే చేయాలనీ ఉత్తర్వు వచ్చింది. అది పట్టుకుని ఆమె, సాక్ష్యం చెప్పిన ఆమె, నేను ముగ్గురం దవాఖానకు పోయాం. కార్డు అడిగిన చోటల్లా ఉత్తర్వు చూపించాం. హైదరాబాదులో ఆపరేషన్ అయింది. బొటనవేలు, చూపుడువేలు కదిలాయి. మిగతావి కదల్లేదు. ముందే తెస్తే చెయ్యంతా దక్కేదని డాక్టరు అన్నప్పుడు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు.

పోలీసులూ వచ్చారు. వైద్యం ఆపకూడదని కోర్టు చెప్పింది, కాదని మీరు రాసిస్తారా అని అడిగాను. రాసివ్వలేదు, మళ్ళీ రాలేదు. చెయ్యి మానాక ఆ భార్యాభర్తలు ఆదిలాబాద్ వైపు, తమ భాష మాట్లాడేవాళ్ళున్న చోటికి వెళ్ళిపోయారు.

సాక్ష్యం చెప్పిన ఆమెను ఆ ఫ్యాక్టరీ మళ్ళీ రానివ్వలేదు. ఒక రైస్‌మిల్లులో చేరింది. చేరిన వారానికే నా దగ్గరికి వచ్చి, అక్కడ కూడా ఎవరికీ బీమా కార్డుల్లేవని చెప్పింది. ఈసారి తనతో పాటు ఇంకా చాలామందిని వెంటబెట్టుకొచ్చింది.