వెబ్‌సైట్‌లో వడ్డిస్తున్న అమ్మ

మైపాడు బీచ్ దగ్గర మాకు చిన్న మెస్ ఉంది. చేపల పులుసు ముందురోజు సాయంత్రమే కాచి, బాగా ఊరనిచ్చి మర్నాడు వడ్డించడం మా అమ్మ పెట్టిన పద్ధతి. నిరుడు అమ్మ పోయాక గరిటె నా చేతికి వచ్చింది.

నెల్లూరులో వెబ్‌సైట్లు చేసే మా పిన్ని కొడుకు శీను, "మనకీ ఒకటి పెడదామక్కా, ఫోన్లో వెతికితే మనదే ముందు రావాల" అన్నాడు. సొంత తమ్ముడిలాంటివాడని నమ్మి, అమ్మ కబుర్లన్నీ పూసగుచ్చినట్టు చెప్పాను.

ఒక ఆదివారం నెల్లూరు నుంచి ఓ కుటుంబం వచ్చింది. తింటూ తింటూ పెద్దావిడ, "అమ్మగారిని ఒకసారి పిలవమ్మా, ఫోటో తీసుకుంటాం" అంది. నేను తెల్లబోయి చూస్తుంటే ఫోన్ చూపించింది. మా వెబ్‌సైటే! "అప్పటికప్పుడు దించిన వేడివేడి పులుసును ఈనాటికీ అమ్మే స్వయంగా, కొసరి కొసరి వడ్డిస్తుంది" అని ఉంది.

పక్కకు జరిగాను. నా వెనక గోడమీద దండ వేసిన అమ్మ ఫోటో. పెద్దావిడ చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది.

శీనుకి ఫోన్ చేశాను. "అది ఏఐ రాసిందక్కా. అట్టా ఉంటేనే వెతికేవాళ్లకి పైన కనబడతాది. చదవకుండా పెట్టేసినాను. మార్చేస్తాలే" అన్నాడు తేలిగ్గా.

మార్చాడు కూడా. ఏఐతో రాయించడం తప్పని నేననను. అమ్మ లేదని పాపం దానికేం తెలుసు? శీనుకి తెలుసు. అమ్మ పాడె మోసిన నలుగురిలో వాడొకడు.