అమ్మకు పూనకం, నా రికార్డులో జబ్బు

సైన్యం నన్ను ఇంటికి పంపేస్తూ ఇచ్చిన రికార్డులో ఒక వాక్యం ఉంది. ఇతని మానసిక వ్యాధికి సర్వీసుతో సంబంధం లేదు, అది కుటుంబంలోనే ఉంది, తల్లికీ అమ్మమ్మకీ స్పృహ తప్పే లక్షణం ఉంది అని దాని సారాంశం. ఏళ్ల తరబడి నేను పోట్లాడుతున్నది ఆ ఒక్క వాక్యంతోనే.

మాది పెద్దాపురం. ఆషాఢంలో మరిడమ్మ జాతరకి మా అమ్మకు పూనకం వస్తుంది. అమ్మవారి గరగ కుండలు నెత్తిన పెట్టుకుని ఆడేవాళ్ల డప్పు మా వీధి మలుపు తిరిగేసరికి జుట్టు విరబోసుకుంటుంది. జనం వేపాకులు చేతికిస్తారు, పసుపు నీళ్లు పోస్తారు, పిల్లల జ్వరాల దగ్గర్నుంచి పొలం తగాదాల దాకా అన్నీ అడుగుతారు. కాసేపటికి తేరుకుని, తల తుడుచుకుని, లోపలికెళ్లి పప్పుకి తాలింపు పెడుతుంది. దాన్ని జబ్బు అన్నవాడు మా వీధిలో లేడు.

నా సంగతి వేరు. కొండ మీద మా పోస్టు పక్కన మంచు చరియ విరిగిపడి, నా పక్క మంచం వాడు దాని కింద పోయాడు. వాణ్ణి తవ్వి తీసినవాళ్లలో నేనొకణ్ణి. ఆ తర్వాత నాకు నిద్రన్నది లేకుండా పోయింది. ఉన్నట్టుండి కూర్చుని చేతులతో నేల తవ్వేవాణ్ణి. అంతకుముందు నేను తలనొప్పి మాత్ర కూడా మింగి ఎరగను.

ఆసుపత్రిలో పెడితే అమ్మ రైలెక్కి అంత దూరం వచ్చింది. ఇంట్లో ఇంకెవరికైనా ఒంటిమీద తెలివి లేకుండా పోతుందా అని డాక్టరు అడిగితే, తెలుగొచ్చిన నర్సు అమ్మకు చెప్పింది. కొడుకు ఎలాంటి ఇంటివాడో పెద్దవాళ్లకు తెలియాలని అమ్మ ఆరాటం.

"నా ఒంటిమీదకి అమ్మవారొస్తారండి. ఏటా వస్తారు. అప్పుడు నేనేం మాట్టాడతానో నాకే తెలవదు. మా అమ్మకీ వచ్చేవారండి," అంది గర్వంగా.

నర్సు ఉన్నదున్నట్టు చెప్పింది, డాక్టరు రాసుకున్నాడు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు, తర్వాత కూర్చున్న మెడికల్ బోర్డు దాన్నే ఎత్తి రాసింది. మంచు గురించి అందులో ఒక్క ముక్క లేదు.

ఆ వాక్యం వల్ల నాకు రావలసిన పింఛను రాలేదు, అప్పీలు చేశాను. జాతరంటే ఏమిటో, పూనకమంటే ఏమిటో వివరించి, గరగల ఫొటోలు కూడా జతచేశాను. కొత్త ఆధారమేదీ లేదని జవాబొచ్చింది. రాజమండ్రి లాయరుగారు రెండో అప్పీలుకి అమ్మకు మానసిక వ్యాధి లేదని సర్టిఫికెట్ తెమ్మన్నారు. సరే అని కాకినాడలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన అమ్మతో చాలాసేపు మాట్లాడి నావైపు తిరిగారు.

"అమ్మగారు నాకంటే బాగున్నారండి. కానీ ఆ పూనకం చూడకుండా అది జబ్బు కాదని ఎలా రాయను? ఈసారి వచ్చినప్పుడు వీడియో తీసుకురండి."

రికార్డులో ఏముందో అమ్మకు తెలిసింది అక్కడే. నేను అన్నాళ్లూ దాచాను. తిరుగు బస్సు సామర్లకోట దాటాక అమ్మ నావైపు తిరిగింది.

"అయితే నీకు రావలసింది పోయింది నా నోటి వల్లేనా?" అంది.

"నీవల్ల కాదే అమ్మా, మంచువల్ల," అని కసిరాను. నాకు కోపం బోర్డు మీద, కసిరింది అమ్మని. అందుకు ఇంకా మండింది.

ఆషాఢం వచ్చింది. డప్పు మలుపు తిరిగింది. జనం వేపాకులతో, బిందెలతో మా గుమ్మం ముందు నిలబడ్డారు. నేను ఫోన్ పట్టుకుని తయారుగా ఉన్నాను. అమ్మ మాత్రం జుట్టు బిగించి ముడేసుకుని, కిటికీ ఊచలు రెండు చేతులా పట్టుకుని నిలబడింది. కాళ్లు వణుకుతున్నాయి, పళ్లు బిగించి ఉన్నాయి. డప్పులవాళ్లు మా ఇంటి ముందే ఆగి ఇంకా గట్టిగా వాయించారు.

"అమ్మా, రానియ్యవే. వస్తేనే కదా ఆ డాక్టరు రాసిచ్చేది," అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

పక్కింటి ముసలావిడ దగ్గరికొచ్చింది. "ఏంటమ్మా, ఈ ఏడు అమ్మవారు రాలేదేంటి?"

"నా కొడుకు కాగితం మారేదాకా రావద్దని చెప్పుకున్నానండి," అంది అమ్మ.

గరగలు ముందుకి వెళ్లిపోయాయి. ఫోన్ జేబులో పెట్టుకుని, ఊచల మీంచి అమ్మ వేళ్లు ఒక్కొక్కటే విడిపించాను.