రూతక్కా, నా లోకామెర్లూ

నిజామాబాద్ బస్టాండు ముందు చెరకు రసం బండి గజ్జెలు ఘల్లుమంటే చాలు, ఈ వయసులోనూ నేను అడుగు వేగం పెంచుతాను. అల్లం, నిమ్మకాయ కలిసిన ఆ తియ్యటి వాసన తగిలిందంటే ముక్కుకు కండువా అడ్డం పెట్టుకుని రోడ్డు దాటేస్తాను. చెరకు నడుమ పుట్టి పెరిగిన మనిషివి, ఇదేం విడ్డూరం తాతా అని మనవరాలు నవ్వుతుంది. షుగరు ఉందని అబద్ధమాడి తప్పించుకుంటాను. నిజం చెప్పాలంటే రూతక్క గురించి చెప్పాలి, అది గ్లాసు రసం తాగేలోపు అయ్యే కథ కాదు.

పందొమ్మిదివందల అరవైల నడుమ మాట ఇది. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ టైమాఫీసులో నేను గుమాస్తాను. క్వార్టర్లలో మా పక్కింట్లో రూతక్క ఉండేది. మెథడిస్టు చర్చికి పోయే కుటుంబం, దవాఖానలో నర్సు ఉద్యోగం. మనిషి నిలువెత్తు, గొంతు అంతకు రెండింతలు. ఆమెకు గుసగుస అనేది చేతకాదు. పొద్దున నల్లా దగ్గర పాతికమంది ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని నిలబడితే, అక్కడికి ఆమె దవాఖానంతా కదిలి వచ్చేది. "ఏం పోశవ్వా, మీ ఆయన మొలలు తగ్గినయా?" అని అడిగేది. పోశవ్వ మొగుడు సైకిల్ దిగి, మొహం దాచుకుని, అటునుంచి అటే డ్యూటీకి పోయేవాడు. మా బాపు అయితే ఆమె ఇంట్లో ఉన్న వేళ దగ్గు వచ్చినా మింగేసేవాడు. "గామె ఇన్నదంటే దండోరనే" అనేవాడు.

అట్లాంటి ఇంటి పక్కన నాకు జబ్బు చేసింది. జబ్బని అప్పుడు తెలియదు. ముందు నిద్ర పోయింది. తర్వాత ఆకలి పోయింది. తర్వాత ఏ కారణమూ లేకుండా ఏడుపు రావడం మొదలైంది. కొత్తగా కాపురానికి వచ్చిన భార్య గంగామణి అన్నం వడ్డిస్తుంటే కంచంలో కన్నీళ్ళు పడేవి, కూర కారంగా ఉందని చెప్పేవాడిని. ఆ రోజు పప్పు. ఆఫీసులో హాజరు పుస్తకం ముందు పెట్టుకుని ఒక పేరు రాయడానికి అరగంట పట్టేది. సాయంత్రాలు నిజాంసాగర్ కాలువ గట్టుకు పోయి నీళ్ళను చూస్తూ నిలబడేవాడిని. ఎందుకు చూస్తున్నానో నాకు తెలుసు. ఇంకెవరికీ చెప్పలేదు.

ఒకనాడు కుర్చీలోంచి లేవలేకపోతే ఆఫీసు వాళ్ళు రిక్షాలో ఇంటికి తెచ్చి దించారు. బాపుకు విషయం సగం అర్థమైంది, ఆ సగానికే చెమటలు పట్టాయి. నన్ను లోపలి గదిలోకి తీసుకుపోయి తలుపు వేశాడు. "పిచ్చి అని తెలిస్తే నౌకరి వోతది. మోర్తాడు నుంచి అత్తోళ్ళచ్చి పిల్లను తోల్కపోతరు. ఎవలడిగినా కామెర్లు అని చెప్పు." నేను తలూపాను. ఆ రోజుల్లో దేనికైనా తలూపేవాడిని. గంగామణికి కూడా కామెర్లనే చెప్పాం. పక్కన పడుకునే మనిషి దగ్గర దాచగలమనుకున్నాం చూడండి, అది మా తండ్రీకొడుకుల తెలివి.

ఇక్కడే బాపు లెక్క తప్పింది. చెరకు పండే చోట కామెర్లు వచ్చాయని చెప్పుకోవడమంత పొరపాటు ఇంకొకటి లేదు. కామెర్లకు చెరకు రసమే మందని ప్రతి ఒక్కరికీ తెలుసు. తెల్లారేసరికి ఇంటి ముందు చెంబులు, కూజాలు, ఒకాయన అయితే పాల క్యాను. పై ఆఫీసరు ఇంటినుంచి వచ్చిన రసం వద్దనడానికి లేదు, స్వీపరు కష్టపడి తెచ్చింది అసలే వద్దనకూడదు. పసుపు పండే మోర్తాడునుంచి గంగామణి తల్లి, మా అత్త, దిగింది. కామెర్లవాడి కంచంలో పసుపు పడకూడదని పప్పు, కూర, చారు అన్నీ తెల్లగా వండించింది. ఆ తెల్లటి తిండి తిని, ఆ రసం తాగి, రాత్రంతా బయటికి తిరుగుతుంటే, నిద్ర ఎందుకు పట్టడం లేదో చెప్పడానికి కనీసం ఒక కారణం దొరికింది.

మూడో రోజు అత్త నా కనురెప్ప ఎత్తి చూసి అనుమానంగా అడిగింది. "ఏంది అన్నా, కండ్లు పచ్చగ లెవ్వు?"

బాపు కండువాతో మొహం తుడుచుకున్నాడు. "మీదికి కనవడయ్ చెల్లె. గివి లోకామెర్లు. లోపట్నే ఉంటయ్."

వైద్యశాస్త్రంలో లేని ఆ రోగాన్ని మా అత్త వెంటనే నమ్మింది. నమ్మి, లోపలి కామెర్లకు వాత పెట్టించాల్సిందేనని పట్టుబట్టింది. అప్పట్లో మా వైపు కామెర్లకు ముంజేతి మీద కాల్చే అలవాటుండేది. మరునాడు పొద్దున్నే వాతలు పెట్టే మనిషి వచ్చి మా వాకిట్లో బొగ్గుల కుంపటి రాజేసి సలాక పెట్టాడు. బాపు మొహంలో నెత్తురు చుక్క లేదు. కాదంటే అబద్ధం బయటపడుతుంది, ఊరుకుంటే కొడుకు చెయ్యి కాలుతుంది.

నేను మాత్రం చెయ్యి చాపాను. నిజం చెబుతున్నాను, నాకు భయం వేయలేదు. ఇదిగో ఇక్కడ నొప్పి అని నలుగురికీ చూపించుకునే నొప్పి ఒకటి దొరుకుతుందని సంతోషమే వేసింది. అంత దూరం పోయాను నేను.

అప్పుడు గేటు చప్పుడైంది. డ్యూటీ చీరలోనే రూతక్క వచ్చింది. "ఏం జేస్తున్నవయ్యా? చెయ్యి గాలుస్తవా? తియ్ గది!" సలాక మనిషి సలాకతో సహా గోడకు అంటుకుపోయాడు. ఆమె నా కళ్ళు చూసింది, గోళ్ళు చూసింది, నాలుక చూసింది. ఒంటేలు ఏ రంగులో పోస్తున్నానో క్వార్టర్లన్నీ వినేలా అడిగింది. అంతా అయ్యాక తీర్పు చెప్పింది. "కామెర్లు లెవ్వు, ఏం లెవ్వు. అందరు బయటికి నడువుండ్రి."

తలుపు మూసి నా ఎదురుగా కూర్చుంది. ఆమెకు మెల్లగా మాట్లాడటం వచ్చని ఆ రోజే తెలిసింది.

"తమ్మీ, నిద్ర వడ్తలేదు గదా?"

"వడ్తలేదక్కా."

"సావాలనిపిస్తుందా?"

విరేచనాలు ఎన్నిసార్లు అయ్యాయని అడిగినంత మామూలుగా అడిగింది. ఇన్ని చెంబుల రసం తెచ్చినవాళ్ళలో ఎవరూ అడగని మాట అది. నాకు ఏడుపొచ్చింది. కాలువ సంగతి చెప్పాను. ఆమె ఉలిక్కిపడలేదు, దేవుడి పేరు ఎత్తలేదు. "ఎన్ని దినాలాయె?" అంది. నెలన్నర అన్నాను. "దీనికి డాక్టరున్నడు, మందున్నది. రేపు పొద్దుగాల బండికి పోదాం. గందాక నిన్ను ఒక్కన్ని ఇడువం."

బయట బాపు చేతులు జోడించాడు. "బిడ్డా, నీకు దండం వెడ్త. ఊరంత తెలుస్తది."

"వీడు సస్తె తెల్వదా బాపూ?" అంది రూతక్క. బాపు అరుగు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

రైల్లో కాలు పెట్టే చోటు లేదు. ఎదురుగా ఉన్న పెద్దమనిషి మాట కలిపాడు. "ఎంత దూరం అమ్మా?"

"హైద్రాబాదు, పిచ్చి దవాఖానకు" అంది రూతక్క, డబ్బా మొత్తానికి చెబుతున్నట్టు. నాకు తల కొట్టేసినట్టయింది. రెండు నిమిషాల్లో మా బెంచీ ఖాళీ అయింది. ఆమె తృప్తిగా చుట్టూ చూసింది. "మంచిగైంది తమ్మీ, కాళ్ళు సాపుకొని వండుకో."

ఆసుపత్రి వరండాలో ఒక ముసలి ఆయా ఆమెను చూసి పలకరించింది. "రూతమ్మా! మంచిగున్నవా?" నేను ఆశ్చర్యంగా చూస్తుంటే రూతక్క బెంచీ మీద సర్దుకుని కూర్చుంది. "చిన్నోడు పుట్టినంక గీడ రెండు నెలలున్న. పిల్లగాన్ని ముట్టబుద్ది కాకపోయేది. గీడికి తెచ్చేదాక మావోళ్ళు ఎనిమిది నెలలు టైఫాయిడ్ అని జెప్పిండ్రు. చారు బువ్వ వెట్టి సంపిండ్రు." ఆమె నవ్వింది, తర్వాత కళ్ళు తుడుచుకుంది. అందరి రోగాలనూ నల్లా దగ్గర ఎందుకు బయటపెడుతుందో నాకు అప్పుడు తెలిసింది. అది నోటిదురుసు అనుకున్నాను ఇన్నాళ్ళూ. సిగ్గుపడ్డాను.

డాక్టరు నేను చెప్పింది విన్నాడు, మాత్రలు ఇచ్చాడు, మూడు వారాలు అక్కడే ఉంచుకున్నాడు. మొదట ఏమీ తేడా తెలియలేదు. పదో రోజో పన్నెండో రోజో అన్నంలో ఉప్పు తక్కువైందని విసుక్కున్నాను. రుచి తెలిసిందంటే మనిషి దారిన పడ్డట్టేనని నర్సు నవ్వింది.

ఇంటికి వచ్చిన మరునాడు పొద్దున నేను అరుగు మీద కూర్చున్నాను. నల్లా దగ్గర వరస నిండుగా ఉంది, అందులో గంగామణి, ఆమె పక్కన మా అత్త. ఎవరో ఆప్యాయంగా కామెర్లు దిగాయా అని అడిగారు. రూతక్క అందుకుంది. "కామెర్లెక్కడివి? మనసుకు బాగలేకుంటె పిచ్చి దవాఖానకు తీస్కపోయిన. మందులిచ్చిండ్రు. ఇప్పుడు నయం." నీళ్ళు బిందె నిండి పొర్లుతున్నా ఎవరూ కదల్లేదు. బాపు కండువా నెత్తిన కప్పుకున్నాడు. అత్త కూతురి వైపు తిరిగింది. "నీకెర్కనే ఉన్నదా?"

"మొదటి దినం సంది ఎర్కనే అవ్వా. ఆ పొద్దు రూతక్కను విల్సింది నేనే" అంది గంగామణి. వంగి బిందె చంకకెత్తుకుంది. "రాత్రి మంచిగ వండుకున్నడు. గురక గూడ వెట్టిండు."

నల్లా దగ్గర పాతికమందీ పగలబడి నవ్వారు. అత్త కూతురి మొహంలోకి చూసి, చివరికి తనూ నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు నా గొంతులోంచే వచ్చిందని నమ్మడానికి కొంచెంసేపు పట్టింది.

రూతక్క పోయి చాలా ఏళ్ళయింది. ఆమె గొంతు నాకు రాలేదు, ఆ ధైర్యమూ పూర్తిగా రాలేదు. ఆ రోజు తలుపు మూసి నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటి మాత్రం ఆమె దగ్గర నేర్చుకున్నాను. ఎవరైనా నా ఎదురుగా కూర్చుని కారణం లేకుండా కళ్ళు తుడుచుకుంటే, నిద్ర పడుతుందా అని అడుగుతాను, తర్వాత ఆ రెండో మాటా అడుగుతాను. చాలామంది ఛీ, అదేం మాట అని కసురుకుంటారు. కసురుకోనివ్వండి. కసురుకోకుండా తల దించుకునే ఒక్కడి కోసం అందరినీ అడుగుతున్నాను.