నా మొదటి వార్త, దాని సవరణ

పోయిన వారం ఇద్దరు అమ్మాయిలు మా ఆఫీసు వెతుక్కుంటూ వచ్చారు. ఆఫీసంటే ధర్మవరంలో ఒక పట్టుచీరల అంగడి మీద ఉన్న రెండు గదులు. మేం నలుగురం కలిసి వారానికోసారి ఒక చిన్న పత్రిక తెస్తాం. విశ్వవిద్యాలయంలో జర్నలిజం చదువుతున్న ఆ పిల్లలకు నా ఇంటర్వ్యూ కావాలట. "మేడమ్, మీరు రాసిన మొదటి వార్త ఏది?" అని వాళ్లు మొదటి ప్రశ్న అడగ్గానే నాకు నవ్వు ఆగలేదు. అది చెప్పి ముగించేసరికి తెప్పించిన టీలు చల్లారిపోయాయి.

నేను జర్నలిజం ఎం.ఏ.లో చేరింది నలభై మూడో ఏట. మాది నేత ఇల్లు. మా ఆయన మగ్గంలో కూర్చుంటే నేను పక్కన కండెలకు దారం చుడుతూ ఆయనకు పేపరు చదివి వినిపించేదాన్ని. మగ్గం చప్పుడు మీద వినబడాలంటే గొంతెత్తాలి. గొంతెత్తి చదువుతూ చదువుతూ మధ్యలో రాసినవాళ్లతో తగువు పెట్టుకునేదాన్ని. "ఇది ఇట్ల రాస్తారా? ఆ ఊర్లో ఆడోళ్లను ఒక్కరినైనా అడిగినారా?" అని. ఒకరోజు ఆయన మగ్గం ఆపి, "దినామూ వాళ్లను తిట్టేదానికంటే నువ్వే పోయి రాయరాదా?" అన్నాడు. విసుక్కున్నాడో, నిజంగానే అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. దూరవిద్యలో తెచ్చుకున్న డిగ్రీ పెట్టెలో ఉంది. దాన్ని బయటికి తీసి ప్రవేశ పరీక్ష రాశాను. సీటొచ్చింది. మా అత్త మాత్రం, "మనవళ్లను ఎత్తుకునే వయసులో పుస్తకాల సంచి యాలమ్మా నీకు?" అని వీధంతా వినేలా అడిగింది.

మొదటి రోజు నేను తరగతిలో అడుగుపెట్టగానే పిల్లలందరూ లేచి నిలబడి నమస్కారం పెట్టారు. నేను వెనక బెంచీలో పోయి కూర్చున్నాక గానీ వాళ్లకు సంగతి అర్థం కాలేదు. పాఠం చెప్పే సారు నాకంటే అయిదేళ్లు చిన్న. నన్ను నువ్వనాలో మీరనాలో తేలక, మొదటి నెలంతా "అమ్మా, అదీ..." అంటూ నెట్టుకొచ్చాడు. నా పక్కన కూర్చునేది తనకల్లు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే అమ్మాయి. "అక్కా, అక్కా" అంటూ రోజూ క్యాంటీనుకు లాక్కుపోయేది. అక్కడి బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని, కళ్లలో నీళ్లు తుడుచుకుంటూ, ముఖాన వడగాలి కొడుతుంటే వేపచెట్ల కింద నడిచి తరగతికి వచ్చేవాళ్లం. పెళ్లయ్యాక నేను అంతగా నవ్వింది ఆ దారిలోనే.

రెండో సెమిస్టర్లో మాకు ల్యాబ్ జర్నల్ ఉండేది. విద్యార్థులే వార్తలు తెచ్చి, రాసి, దిద్ది, అచ్చు వేయించుకునే నాలుగు పేజీల పత్రిక అది. ఆ ఏడు వాన లేదు. వేరుసెనగ ఎండి, గడ్డి కూడా మొలవలేదు. కరువులో ఆడవాళ్ల బతుకు గురించి రాయమని సారు నన్ను బత్తలపల్లి దగ్గరి ఒక పల్లెకు పంపాడు. అక్కడ గొర్రెలు మేపుకునే ఒక పెద్దమ్మ దొరికింది. ఆమె చెబుతుంటే నేను తల ఎత్తకుండా రాసుకుంటున్నాను. ఒక్క మాట కూడా జారిపోకూడదని నా ఆత్రం. "మరి మీ ఆయప్ప?" అని అడిగాను. ఆమె నిట్టూర్చి, "పోయినాడమ్మా. మూన్నెల్లాయ. మంద నా నెత్తిన పన్యాది" అంది. నా గుండె నీరైపోయింది. తిరుగు బస్సులోనే వార్త సగం రాసేశాను. భర్త చనిపోయి మూడు నెలలైనా గొర్రెల మందను ఒంటి చేత్తో కాపాడుకుంటున్న ఇల్లాలు అని మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో వచ్చింది. తరగతిలో చప్పట్లు కొట్టారు. తనకల్లు అమ్మాయి చదివి ఏడ్చింది కూడా.

ఆ సంతోషంలో ఇరవై కాపీలు సంచిలో వేసుకుని, ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని మళ్లీ ఆ పల్లెకు వెళ్లాను. బడి అరుగు మీద జనం చేరారు. నేను వార్త చదివి వినిపించసాగాను. ఎదురుగా కంబళి భుజాన వేసుకున్న ఒక సన్నటి ముసలాయన గొంతుక్కూర్చుని శ్రద్ధగా వింటున్నాడు. భర్త మరణం దగ్గరికి వచ్చేసరికి నేను కాస్త గొంతు తగ్గించి చదివాను. అప్పుడు ఆ ముసలాయన నెమ్మదిగా, "ఏ రోగమొచ్చి సచ్చినాడని రాసినావు తల్లీ?" అని అడిగాడు.

ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఓయమ్మో! పోయినాడంటే సగం మంద తోలుకోని గోరంట్ల దిక్కు పోయినాడని! ఆడ మేపు ఉండాదంటే పోయినాడు. మొన్ననే వచ్చినాడు. ఈడ నీ ముందర కూసున్యాడు సూడు!"

అప్పుడు తల ఎత్తి ఆమెను చూశాను. నుదుట రూపాయి బిళ్లంత కుంకుమ. మెడలో నల్లపూసలు. మొదటిసారి వచ్చినప్పుడూ అవి అక్కడే ఉండి ఉంటాయి. భూమి చీలితే బాగుండుననిపించింది. ఆ పల్లెవాళ్లు మాత్రం పడీ పడీ నవ్వారు. ముసలాయన అందరికంటే ఎక్కువ నవ్వాడు. "నన్ను సంపినా నా మందను మాత్రం బతికించినావులే" అన్నాడు. మమ్మల్ని వదలకుండా ఇంటికి తీసుకుపోయి రాగి సంగటి, నంజుకోను ఊరిబిండి పెట్టారు. నాకు ముద్ద దిగలేదు. తనకల్లు అమ్మాయి మాత్రం రెండు ముద్దలు లాగించింది.

మర్నాడు సారు గదిలో నిలబడి జరిగింది చెప్పి, "ఇంక చాలు సార్, మానుకుంటాను" అన్నాను. ఆయన నవ్వలేదు. కోప్పడలేదు కూడా. "ఆమె మెడ దిక్కు చూసినారా అమ్మా?" అని అడిగాడు.

"లేదు సార్. రాసుకుంటా ఉండా."

"సరే. కూర్చోండి. వార్త యాడ వచ్చిందో సవరణ కూడా ఆడే రావల్ల. మీరే రాయండి. రాసినాక మానుకునేదీ లేనిదీ చూద్దాం."

అంతకుముందు పేజీలు పేజీలు రాసినదాన్ని, ఆ నాలుగు వాక్యాల కోసం అయిదు కాగితాలు చింపాను. గత సంచికలో ఫలానా గొర్రెల కాపరి మరణించినట్టు రాయడం పొరపాటు, ఆయన క్షేమంగా ఉన్నారు, మేత కోసం గోరంట్ల వైపు వెళ్లి తిరిగి వచ్చారు, తప్పు విలేఖరిదే అని. కింద నా పేరు పెట్టాను. అది చదివి సారు ఒక్క కామా కూడా మార్చలేదు. ఆ మధ్యాహ్నం క్యాంటీనులో బజ్జీ తింటుంటే, మానుకోవడం అనే మాట నాకు గుర్తే రాలేదు.

ఆ సంచిక తీసుకుని మూడోసారి పల్లెకు వెళ్లాను. ఈసారి జనం రెండింతలయ్యారు. సవరణ చదువుతుంటే ముసలాయన లేచి నిలబడి తన బతుకువార్త విన్నాడు. రెండు పత్రికలూ అడిగి తీసుకుని కంబళి మడతలో పెట్టుకున్నాడు. ఆ తరువాత గొర్రెల సంతలో కనబడిన వాళ్లందరికీ వాటిని చూపించేవాడట. "దీంట్లో సచ్చిపోయినా, దీంట్లో లేసి కూసున్యా!" అని. ఆ ప్రాంతంలో మా ల్యాబ్ జర్నల్‌కు అంతటి ప్రచారం ఇంకెవరూ చేయలేదు.

స్నాతకోత్సవానికి మా ఆయన మగ్గం ఆపుకుని వచ్చాడు. వద్దంటూ వద్దంటూనే మా అత్త కూడా వచ్చింది. నల్లగౌనులో నన్ను చూసి, "లాయరు మాదిరి ఉండావే" అని, పక్కన కూర్చున్న వాళ్లందరికీ నేను తన కోడలినని చెప్పుకుంది. మగ్గం పక్కన గడిచిన ఇరవై రెండేళ్లను చెప్పమంటే పది మాటల్లో చెప్పేస్తాను. చదువుకున్న ఆ రెండేళ్ల గురించి మొదలుపెడితే మాత్రం నాకు పొద్దు చాలదు.