అత్తయ్య రేకులు, ఎవరిదో నంబరు

మా మేనత్త పోయిందని బావ ఫోన్ చేసి పదిహేను రోజులైంది. పూతరేకులు తినే అలవాటున్నవాళ్ళకి ఆవిడ పేరు తెలియకపోవచ్చు గానీ, మొహం మాత్రం ఫోన్లో ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు. నా కడుపుమంటంతా దాని గురించే.

అమ్మ ఉద్యోగానికి వెళ్తే నేను పెరిగింది అత్తయ్య పొయ్యి పక్కనే. బోర్లించిన కుండ, కింద మంట, పలచటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డ, ఒక్క లాగు. గుడ్డ ఇవతలికి వచ్చేసరికి కుండ మీద పొర ఆరిపోయేది. మధ్యలో మాట్లాడిస్తే కసిరేది. "కుండ చల్లారితే రేకు అంటుకుపోద్ది, కాగితే మాడిపోద్ది. నీ కబుర్లు దానికేం తెలుసే?" మళ్ళీ విరిగిన రేకుల మీద బెల్లప్పొడి చల్లి ముందు నాకే పెట్టేది. కుండ మాత్రం తోడబుట్టినవాళ్ళకి కూడా ఎరువిచ్చేది కాదు. "రేకులు ఎన్నైనా పట్టుకెళ్ళండి, కుండ అడగొద్దు" అని మొహమాటం లేకుండా చెప్పేసేది.

అలాంటి మనిషి దగ్గరికి తగుదునమ్మా అని రాజమండ్రి నుంచి ప్రకటనల ఏజెన్సీ ఆయన్ని తీసుకొచ్చింది నేనే. పేజీ పెడతారు, వీడియోలు తీస్తారు, ఎక్కడెక్కడి నుంచో ఆర్డర్లొస్తాయని ఊదరగొట్టాను. ఆయన అడగాల్సింది అడిగాడు కూడా. "ఖాతాకి ఎవరి నంబరు ఇమ్మంటారండీ? ఓటీపీలు వస్తుంటాయి."

అత్తయ్య తల తిప్పకుండానే, "నేనిక్కణ్ణుంచి లేస్తే వేడి తప్పిపోద్ది బాబూ. ఆ గోలేదో మీ నంబరుకే పెట్టుకోండి" అంది. నేను పక్కనే ఉన్నాను. చదువుకున్నదాన్ని. నోరు విప్పలేదు.

కొన్నాళ్ళు బాగానే నడిచింది. వైజాగ్ నుంచి, హైదరాబాద్ నుంచి ఆర్డర్లు. తరవాత ఏజెన్సీ వాళ్ళు నెయ్యి తగ్గించి పెట్టెలు పెంచమన్నారు. "ఇక మీ పని చాలు, వెళ్ళి రండి" అంది అత్తయ్య. అంతే, ఆవిడ వీడియోల కింద ఆర్డర్లకని వేసిన ఆవిడ నంబరు పోయి ఇంకెవరిదో వచ్చి కూర్చుంది. నేను ఫోన్ చేసి గొడవపడితే ఆయన నింపాదిగా, "పేజీ మా నంబరు, మా మెయిల్ మీద ఉందండి. తెరిచింది మేమే కదండీ" అన్నాడు. యాప్ వాళ్ళకి ఫిర్యాదు పెడితే ఖాతా మీదేనని రుజువు చూపించమన్నారు. ఏం చూపించను, నా మొహం?

ఒకరోజు కాకినాడ నుంచి ఒకాయన పెట్టె పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"ఇంత పేరున్నవాళ్ళు ఇలా పంపుతారేంటండీ? అట్టముక్కల్లా ఉన్నాయి."

అత్తయ్య ఒక రేకు చిదిమి చూసింది. "ఇవి నావి కావండి."

ఆయన ఫోన్ తీసి చూపించాడు. "ఇందులో ఉన్నది మీరు కాదాండీ?"

"నేనే."

"మరి?"

ఆయన వెళ్ళాక నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "నా పేరు నాకు తెచ్చిపెట్టవే, చాలు" అంది. మంచాన పడ్డాక కూడా అదే అడిగేది. తేలేకపోయాను.

కొట్టు పెట్టుకున్న ప్రతివాళ్ళకీ చెబుతున్నాను. ఖాతా మీ నంబరు మీద, మీ మెయిల్ మీద మీరే తెరవండి. బయటివాళ్ళకి పని చేసుకునే వీలు మాత్రం ఇవ్వండి, అదీ వద్దనుకున్న రోజున మీరే తీసేసేలా. దీనికి పెద్ద చదువేం అక్కర్లేదు. నాకున్న చదువు ఏడ్చినట్టే ఉంది.

పెద్దకార్యానికి ఫొటో కావాల్సి వచ్చింది. ఇంట్లో పెళ్ళినాటిది తప్ప లేదు. మంచిది ఆ పేజీలోనే ఉంది. రేకుని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని నవ్వుతోంది అత్తయ్య. ఆ చేతుల మీదుగా ఏజెన్సీ వాళ్ళ నంబరు, లావుపాటి అంకెల్లో. స్టూడియో ఆయన చాలాసేపు తంటాలు పడి, "నంబరు చెరిపితే చేతులు కూడా పోతున్నాయమ్మా" అన్నాడు. అలాగే ఫ్రేము కట్టించాం. వచ్చినవాళ్ళు నంబరు చదువుతున్నారని బావ లేచి, దండ కిందికి లాగాడు. నంబరు కనబడకుండా పోయింది. అత్తయ్య చేతులూ కనబడకుండా పోయాయి.