ఇటు తిరిగినవి, అటు తిరిగినవి

నాకు ఇరవై ఏళ్ళు నిండకముందే బోగోలుకు తూర్పున, సముద్రపు ఒడ్డునున్న ఒక పాళెంలో ఉద్యోగమైంది. అరవైలు మొదలై ఏడాదో రెండేళ్ళో అయివుంటుంది. మాది బుచ్చిరెడ్డిపాలెం దగ్గర వరి పండించే ఇల్లు. ఎండుచేపల వాసన పడక మొదటి నెలంతా ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే పాఠాలు చెప్పాను. బడి అంటే ఒక తాటాకుల పాక. దానికి నేనొక్కదాన్నే టీచర్ని. పిల్లలంతా వలలు వేసేవాళ్ళ బిడ్డలు.

ట్రైనింగులో మాకు ఒక మాట పదేపదే చెప్పేవారు. చిన్నపిల్లలచేత అంకెలు దిద్దించే ముందు వస్తువులు చేతికివ్వండి, పోల్చి చూడనివ్వండి, వేరుచేయనివ్వండి, జతలు కట్టనివ్వండి. చూడటం వస్తేనే లెక్క వస్తుంది అని. పరీక్షలో దాని మీద నాలుగు పేజీలు రాశాను. అందుకే ఒకరోజు ఒకటో తరగతి వాళ్ళను ఒడ్డుకు తీసుకెళ్ళి ఆలుచిప్పలు ఏరించాను. బడి ముందు ఇసుకలో కూర్చోబెట్టి, ఒక్కో రకాన్ని ఒక్కో కుప్పగా పెట్టమన్నాను.

చాలామంది పెద్దవి ఒకవైపు, చిన్నవి ఒకవైపు పెట్టారు. ఇద్దరు ముగ్గురు తెల్లవీ ఎర్రవీ విడదీశారు. ఒక పిల్ల మాత్రం రెండు కుప్పలు పెట్టింది కానీ, రెండింట్లోనూ పెద్దవీ చిన్నవీ, తెల్లవీ ఎర్రవీ కలిసే ఉన్నాయి. ఆరేళ్ళుంటాయి దానికి. ఎక్కువ మాట్లాడేది కాదు. ఇదేం పద్ధతని అడిగాను.

"ఇయ్యి ఇట్ట తిరిగినాయి పంతులమ్మా. అయ్యి అట్ట తిరిగినాయి," అంది.

ఇసుకలో అవి పడివున్న తీరు చెబుతోందనుకున్నాను. ఒక చిప్పను కాలి వేలితో ఇటునుంచి అటు తిప్పి, "ఇప్పుడిదీ తిరిగింది గదా" అన్నాను. పిల్లలు నవ్వారు. రెండు కుప్పలూ కలిపేసి మళ్ళీ చేయమన్నాను. మళ్ళీ అట్లాగే చేసింది. మూడోసారి కూడా అంతే. నన్ను ఎగతాళి చేస్తోందని కోపం వచ్చింది. స్కేలుతో అరచేతి మీద రెండు దెబ్బలు వేసి, "నీకు కండ్లు ఉండాయా లేవా?" అన్నాను.

అది ఏడవలేదు. చెయ్యి గౌనుకు తుడుచుకుంది. మర్నాటినుంచి బడికి రాలేదు.

వారం తర్వాత ఇన్‌స్పెక్టరు గారు వస్తున్నారని కబురొచ్చింది. అట్టల మీద ఏదైనా అతికించి గోడకు కట్టాలని, ఆ ఆలుచిప్పలనే ముందేసుకుని కూర్చున్నాను. రెంటిని జతచేసి మూసిన చిప్పలాగా అతికిద్దామని ఒకే సైజువి రెండు తీశాను. అంచులు కలవలేదు. ఇంకో రెండు తీశాను. అవీ కలవలేదు. మూడో జత మాత్రం టక్కున మూతపడింది. అప్పుడు తిప్పి తిప్పి చూశాను. ఒకదాని మొన కుడివైపు వంగింది, రెండోదాని మొన ఎడమవైపు వంగింది. మన రెండు అరచేతుల్లాగా ప్రతి జతలోనూ ఒక కుడి చిప్ప, ఒక ఎడమ చిప్ప.

పాకలో ఒక్కదాన్నే కూర్చుని వాటిని రెండు కుప్పలుగా విడదీశాను. ఒక్కొక్కటీ కంటిదగ్గర పెట్టుకుని చూసినా నాకు చాలాసేపు పట్టింది. ఆ పిల్ల ఆ పని పాఠం జరుగుతుండగా, మూడుసార్లు, ఒక్క తప్పు లేకుండా చేసింది.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. తల్లి ఇసుకలో చేపలు ఎండబెడుతోంది. పిల్ల పక్కన కూర్చుని వాటిని తిరగేస్తోంది. బడికి ఎందుకు పంపడం లేదని అడిగితే తల్లి నొచ్చుకుంటూ, "నేను పొమ్మనే చెప్తాండా అమ్మా. నాకు కండ్లు లేవంట, నేను రాకూడదంట అంటాది," అంది.

తప్పు నాదేనని అక్కడే చెప్పాల్సింది. చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్ళున్నారు. పంతులమ్మ ఏం చెబుతుందోనని చూస్తున్నారు. రేపటినుంచి పంపించమని మాత్రం చెప్పి వచ్చేశాను. మర్నాడు పిల్ల వచ్చింది. వెనక వరసలో కూర్చుంది.

ఇన్‌స్పెక్టరు గారు వచ్చినరోజు పిల్లలకు చిప్పలు పంచి జతలు వెతకమన్నాను. అందరికీ ముందే నేర్పివుంచాను. జతలు మూతపడుతుంటే ఆయన ముచ్చటపడి తానూ కిందకూర్చుని ఒక జత కలిపారు. తాను తిరిగిన బళ్ళలో ఇటువంటిది చూడలేదన్నారు.

"ఇది మీ ఆలోచనేనా అమ్మా?" అని అడిగారు.

వెనక వరసలో ఆ పిల్ల తలెత్తింది. నేను చూశాను. చూసి కూడా, "అవునండీ," అన్నాను.

ఆయన విజిటు పుస్తకంలో నా గురించి అరపేజీ రాశారు. మా ఊరి దగ్గర బడికి బదిలీ అడిగినప్పుడు ఆ అరపేజీ నాకు బాగా పనికొచ్చింది.

ఆ పాళెంలో ఇంకో రెండేళ్ళున్నాను. ఆ పిల్లను ముందు వరసలోకి తెచ్చాను, దానికి ఒక కొత్త పలక కొనిచ్చాను, దాని లెక్కలు అందరికీ చూపించాను. నిజం మాత్రం చెప్పలేదు. దాని చూపు పుస్తకం మీదినుంచి లేచి నామీద పడ్డప్పుడల్లా నేను బోర్డువైపు తిరిగేదాన్ని.

చివరిరోజు మిగతా పిల్లలు వెళ్ళిపోయాక దాన్ని ఆపాను. చిప్పల సంగతి కనిపెట్టింది నువ్వేనని, ఆరోజు నేను అనవసరంగా కొట్టానని, ఇన్‌స్పెక్టరు గారికి అబద్ధం చెప్పానని చెప్పాను. నన్ను తిడితే బాగుండుననిపించింది. కనీసం ఏడుస్తుందనుకున్నాను.

"నాకు తెలుసు పంతులమ్మా," అంది. తను అడగదలచుకున్నది అడిగింది. "కొత్తగా వచ్చే పంతులమ్మ కొడతాదా?"

కొట్టదని చెప్పాను. ఎవరొస్తారో, అసలు ఎవరైనా వస్తారో రారో అప్పటికి నాకే తెలియదు.