చప్పట్లు కొట్టకూడని చోటు

లండన్ శివారు క్రోయిడన్‌లో మా పక్కింటాయన సంగీతం రాసేవారు. ఎనభై దాటిన మనిషి. నేను ఆఫీసు నుంచి ట్రామ్ దిగి వచ్చేసరికి మా అత్తయ్యా, ఆయనా పెరటి కంచెకు చెరోవైపు నిలబడి కబుర్లలో ఉండేవారు. ఆవిడకు ఇంగ్లీషు రాదు, ఆయనకు తెలుగు రాదు. ఏం అర్థమయ్యేదో వాళ్లకే తెలియాలి.

రెండో ప్రపంచయుద్ధం నాటికి ఆయనకు ఇరవై ఏళ్లు. బాంబులు పడి అంటుకున్న మంటల్ని ఇసుకతో ఆర్పడానికి రాత్రంతా మేడల మీద కాపలా. పగలు నిద్ర మానుకుని, పాత కాగితాల వెనకవైపు నాలుగు తీగవాద్యాలకు ఒక రచన రాసేవారట. అది సగంలో ఉండగా, చెల్లో వాయించే స్నేహితుడు బాంబుదాడిలో పోయాడు. చెల్లో అంటే నేలకు ఆనించి వాయించే పెద్ద వయొలిన్. ఈయన రచన పూర్తి చేశారు కానీ, చెల్లో ఒక్కటే వాయించాల్సిన చోట అందరూ వాయించే కమానులు తీగల మీంచి ఎత్తి ఊరుకోవాలని రాశారు. కాసేపు కాదు, చాలాసేపు.

యుద్ధం అయ్యాక వాయించిన ప్రతిసారీ జనం కచేరీ అయిపోయిందనుకుని అక్కడే చప్పట్లు కొట్టారు. ఆయనకు ఒళ్లు మండి, దాన్ని బీరువాలో పడేశారు. ఇన్నేళ్లకు కాలేజీ పిల్లలు మా వీధి చర్చి హాల్లో వాయిస్తామన్నారు.

"ఈసారైనా ఆ చోటు చెడకుండా వింటే చాలు. మళ్లీ వినే వయసు కాదు నాది" అన్నారు నాతో.

మమ్మల్ని ముందు వరసలో తన పక్కనే కూర్చోబెట్టుకున్నారు. కచేరీ మొదలవగానే అత్తయ్య తొడమీద తాళం అందుకున్నారు. హాల్లో ఒక్కరూ కదలడం లేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

"అత్తయ్యా, ఇక్కడ తాళం వేయకూడదండీ."

"వేయకపోతే పాటలో ఎక్కడున్నామో ఎట్లా తెలుస్తుందమ్మా?" అన్నారు. అయినా చేతులు కట్టుకున్నారు.

ఆ చోటు రానే వచ్చింది. కమానులు లేచాయి. ఆయన కుర్చీ అంచు పట్టుకుని ముందుకు వంగారు. వెనక ఎవరో చప్పట్లకు సిద్ధమవుతున్న అలికిడి. అంతలో అత్తయ్య అరచెయ్యి తొడమీద పడింది. పాడేవాళ్లు ఆగినా తాళం ఆగకూడదని నేర్చుకున్న మనిషి ఆవిడ. గబుక్కున ఆ చెయ్యి పట్టుకున్నాను. ఆయన నా చేతిని తీసి పక్కన పెట్టారు, గట్టిగానే. తాళం సాగింది. పాట ఇంకా ఉందని వెనకవాళ్లకూ తెలిసినట్టుంది, ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కమానులు మళ్లీ దిగాయి.

అయిపోయాక టీ కప్పులతో నిలబడ్డాం. నేను సారీ చెప్పబోయాను.

"మా చెల్లోవాడు వాయించనప్పుడు కూడా కాలితో దరువేస్తూనే ఉండేవాడు. ఆపమని తిట్టేవాళ్లం" అన్నారాయన. "నేను కాగితం మీద పెట్టలేకపోయింది ఆ చప్పుడొక్కటే."

"ఏమంటున్నారమ్మా ఆయన?" అని అత్తయ్య అడిగారు.

"మీ తాళం బాగుందంటున్నారు" అన్నాను.